కాజాలు ఎవరు కుట్టారు

ఆ వీధి మొత్తానికి బొత్తాలకి చేత్తో కాజా కుట్టే మనిషి ఒక్కతే మిగిలింది. అసలు పేరేదో కాగితాల్లో ఉంది గానీ, ఇరుగూ పొరుగూ, కోట్లు తెచ్చిచ్చేవాళ్ళూ, చివరికి ఉత్తరాలు తెచ్చే అతను కూడా ఆవిడని కాజాలమ్మ అనే పిలుస్తారు. డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. కళ్ళజోడు ముక్కు కొసకి జారి ఉంటుంది. స్వెట్టరు భుజానికి ఎప్పుడూ నాలుగు సూదులు గుచ్చి ఉంటాయి. దారాన్ని మైనం ముక్క మీద ఒకసారి లాగందే సూదికి ఎక్కించదు. మిషను మీద కుట్టిన కాజా అంటే ఆవిడకి ఒళ్ళుమంట. అది కాజా కాదు, గుడ్డకి పడ్డ చిల్లు అంటుంది.

చేతికి ఎంత పొదుపో నోటికి అంత ధారాళం. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా ఎరుగుదురు. పక్కింటి అల్లుడి ఉద్యోగం ఊడిన సంగతి నుంచి ఎదురింటాయన గురక దాకా అక్కడ ఏదీ దాగదు. అలాంటి మనిషి ఒక్క విషయం మాత్రం ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకుని కూర్చుంది. అది మాత్రం ఎలా ఆగిందయ్యా అంటే, అది ఆవిడ సొంతది కాబట్టి.

ఇంటి కింది భాగంలోనే కొట్టు. ముందు గదిలో కిటికీ పక్కన కోడలి కుట్టు మిషను, గోడకి నిలువుటద్దం, బట్టలు వేసుకుని చూసుకోవడానికి మూలగా కట్టిన తెర. వెనక గదిలో వంట. పైన పడకలు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావెక్కినవాళ్ళకి వదులు చేయడం, చిక్కినవాళ్ళకి బిగించడం, ఇదీ పని. మిషను కోడలిది, చేతిపని అత్తగారిది. కోడలు మిషను తొక్కితే కుట్టు చీమలబారులా సాగుతుంది. అదే చేత్తో కాజా కుట్టిందంటే ఎలుకలు కొరికాయేమో అని చూసినవాళ్ళు జాలిపడతారు. కొడుకు సిటీ బస్సు నడుపుతాడు. మనవరాలికి తొమ్మిదేళ్ళు. వలస వచ్చాక ఇక్కడే పుట్టింది. నానమ్మ ఈ ఊరి మాట పలికినప్పుడల్లా తప్పులు దిద్దడం దాని ముఖ్యమైన ఉద్యోగం. సాయంత్రం నలుగురూ ఒక బల్ల చుట్టూ చేరి ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డం పడుతుంటే కాజాలమ్మకి కడుపు నిండిపోయేది.

లోటల్లా ఒక్కటే. ఆ నలుగురిలో ముగ్గురు ఈ దేశ పౌరులు. కోడలు కాదు.

దానికి కారణం పదిహేడేళ్ళ నాటిది. పుట్టిన దేశంలో అప్పుడు యుద్ధం. కొడుకు పనికోసం వేరే ఊరు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు, దారులు మూసేశారు. కోడలు పందొమ్మిదేళ్ళ కొత్త పెళ్ళికూతురు. ఒక ఉదయం తుపాకులు తగిలించుకున్న మనుషులు వచ్చారు. ఊళ్ళో జనం వాళ్ళని కొండ మీదవాళ్ళు అనేవారు. ఖాకీ గుడ్డ తానులు అక్కడి కుట్టు కొట్టులో పడేసి, మూడొందల చొక్కాలు కుట్టమన్నారు. వద్దనే గుండె ఎవరికుంది? పైగా రెండు బస్తాల పిండి కూడా దింపారు. ఇంట్లో పొయ్యి వెలిగి నాలుగు రోజులైంది. రెండు నెలల పాటు కోడలు మిషను తొక్కింది. అత్తగారు గుడ్డ కత్తిరించింది, కాజాలు కుట్టింది. చొక్కాకి పది కాజాలు. ముందు ఆరు, చేతులకి రెండు, జేబులకి రెండు. ఆ చొక్కాలు వేసుకుని ఆ మనుషులు ఏ ఊళ్ళలో ఏం చేశారో తర్వాత ఇద్దరూ విన్నారు. విన్న తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఈ దేశం వచ్చిన ఎనిమిదేళ్ళకి, అందరూ కలిసి పౌరసత్వం ఫారాలు నింపారు. అందులో ముప్పై ఒకటో ప్రశ్న, నిషేధిత సాయుధ సంస్థలకు ఎప్పుడైనా, ఏ రూపంలోనైనా సాయం చేశారా అని. కొండ మీదవాళ్ళు ఆ నిషేధిత జాబితాలో ఉన్నారు. కాజాలమ్మ చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. గుడ్డ వాళ్ళది, దారం వాళ్ళది, భుజాన తుపాకీ వాళ్ళది, మధ్యలో నేను చేసిన సాయమేంటి అని తనకు తనే సర్దిచెప్పుకుని "లేదు" దగ్గర టిక్కు పెట్టింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, పెట్టేటప్పుడు అటు చూడలేదు. అదే బల్ల దగ్గర, అదే పెన్నుతో కోడలు "అవును" దగ్గర టిక్కు పెట్టి, చోటు చాలక వెనక పేజీ నిండా రాసింది. ఆ రాతలో ఎక్కడా అత్తగారి ఊసు లేదు. అది కాజాలమ్మ గమనించనే లేదు. కోడలు ఇంత రాస్తోందన్న కంగారులో ఏం రాసిందో చదవలేదు. తిట్టడంతోనే సరిపోయింది.

కాజాలమ్మకీ కొడుక్కీ పదకొండు నెలల్లో పౌరసత్వం వచ్చింది. కోడలిని విచారణకి పిలిచారు. రెండేళ్ళకి ఒక ఉత్తరం వచ్చింది, దేశ భద్రతా కారణాల రీత్యా నిరాకరించడమైనది అని ఒకే ఒక్క వాక్యం. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ విచారణ, మళ్ళీ అదే వాక్యం. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్న సామెత ఆ ఇంట్లో ప్రభుత్వ ముద్రతో సహా నిజమైంది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే ఈ పిల్ల వల్ల దేశానికి ఏం ముప్పో అని కొడుకు వాపోయేవాడు. కాజాలమ్మ మాత్రం దేశాన్ని ఏమీ అనేది కాదు. ఇల్లన్నాక తలుపుకి గొళ్ళెం ఉంటుంది, అనేది. తప్పంతా ఆ వెనక పేజీదే. నిజాయితీ ఉండాలి గానీ మరీ పేజీ నిండానా?

కోడలు మూడు నెలలకోసారి విదేశీయుల కార్యాలయానికి వెళ్ళి కౌంటరు దగ్గర సంతకం పెట్టి వచ్చేది. కొట్టు లైసెన్సు పౌరులకే ఇస్తారు గనక అత్తగారి పేరు మీదే ఉండేది. వెళ్ళి వచ్చిన రోజు ముఖం కొంచెం వాడి ఉండేది, ఓ రెండు ప్యాంట్లు కుట్టేసరికి మామూలయ్యేది. చీకూ చింతా పెంచి పోషించే మనిషి కాదు.

మూడోసారి విచారణకి పిలుపు వచ్చింది. కోడలి కేసు చూసే వకీలమ్మ తన కోటు అంచు కుట్టించుకోవడానికి వచ్చి, అద్దం ముందు నిలబడే విషయం చెప్పింది. ఇదే ఆఖరిసారి. ఈసారి కూడా కాదంటే నివాస అనుమతి కూడా పోతుంది. తొంభై రోజుల్లో కోడలు దేశం వదిలి వెళ్ళాలి. మొగుడూ పిల్లా పౌరులు కదా అంటే, వాళ్ళకి ఉండే హక్కు వాళ్ళకుంటుంది, ఈవిడకి రాదంది. కోడలు తల ఎత్తకుండా అంచు మడత పెట్టి గుండుసూదులు గుచ్చుతూనే ఉంది. కాజాలమ్మ ఆ రోజు మొదటిసారి దారాన్ని మైనం మీద లాగకుండానే సూదికి ఎక్కించింది.

విచారణ రోజు కొడుక్కి సెలవు దొరకలేదు. తోడుగా కుటుంబంలో ఒకళ్ళు వెనక కుర్చీలో కూర్చోవచ్చు, మాట్లాడకూడదు అని రూలు. కాజాలమ్మ తయారైంది. నోరు విప్పొద్దని కొడుకు ముచ్చటగా మూడుసార్లు చెప్పాడు. పెదాలకి కాజా కుట్టి బొత్తాం పెట్టుకుంటాలేరా, అని ఆవిడ మాట ఇచ్చింది.

ఆ గది చిన్నది. ఒక బల్ల, నాలుగు ఇనప కుర్చీలు, నీళ్ళ జగ్గు, పార్కింగు కనబడే కిటికీ. అధికారికి యాభై దాటి ఉంటాయి. బట్టతల, మెత్తని గొంతు. ముందు దిండంత ఫైలు. వకీలమ్మ పక్కన కోడలు కూర్చుంది. అధికారి కోడలు రాసిన పేజీని నిదానంగా చదివి వినిపించి, ఒప్పేనా అని అడిగి, ఫైలు పక్కన పెట్టాడు.

"మీరు రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం దొరకలేదమ్మా. కానీ రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాం. మూడోసారి కూడా అదే అడుగుతున్నాను. మీతో ఇంకెవరు పనిచేశారు?"

"ఎవరూ లేరండి. నేనొక్కదాన్నే."

వెనక కూర్చున్న కాజాలమ్మకి కోడలి చెవులు కనబడ్డాయి. రెండూ ఎర్రగా కందిపోయాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి వెళ్ళింది.

అధికారి కోపగించుకోలేదు. ఓపికగా విడమరిచి చెప్పాడు. తుపాకీ చూసి, ఆకలికి తట్టుకోలేక చేసిన పనిని చట్టం క్షమిస్తుంది, దానికి తనే సిఫారసు రాయగలడు. కానీ సగం చెప్పి సగం దాస్తే రాయలేడు. ఎవరిని దాస్తున్నారో, వాళ్ళు ఎలాంటివాళ్ళో, ఇక్కడే ఉన్నారో, రేపు ఏం చేస్తారో తనకెలా తెలుస్తుంది? ఆకలికి చేసింది తప్పించుకోవచ్చు గానీ, దాచింది తప్పించుకోవడానికి దారి లేదన్నాడు.

ఆ చివరి మాట తన కోసమే చెప్పినట్టు విన్నది కాజాలమ్మ.

తర్వాత ఆయన ఫైల్లోంచి ఒక పెద్ద ఫోటో తీశాడు. ఎక్కడో దొరికిన ఖాకీ చొక్కా, గుండెల దగ్గర భాగం పెద్దది చేసి తీసింది. పని తెలిసినవాళ్ళకి చూపించారట. మిషను కుట్టు ఒక చెయ్యి, కాజాలు ఇంకో చెయ్యి అన్నారట. కాజాలు ఎవరు కుట్టారని అడిగాడు. నేనే, అంది కోడలు. ఆయన సొరుగులోంచి గుడ్డ ముక్క, చిన్న కత్తెర, సూదీ దారం తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే ఒక్క కాజా కుట్టి చూపించండి."

కోడలు కత్తెర తీసుకుంది. చీలిక అవసరానికి మించి పొడుగు తెగింది. సూదిలోకి దారం మూడోసారికి గానీ ఎక్కలేదు. మొదటి కుట్టు లోతుగా పడింది, రెండోది అంచు మీద పడింది, మూడోదానికి ముడి పడింది. అయినా ఆపలేదు. పళ్ళ బిగువున కుడుతూనే ఉంది.

కాజాలమ్మకి అప్పుడు అంతా అర్థమైంది. మొదటి విచారణలోనూ ఇదే అడిగి ఉంటారు, రెండోదాంట్లోనూ ఇదే. అడిగిన ప్రతిసారీ ఈ పిల్ల ఇలాగే చెవులు కందేలా అబద్ధం చెప్పి, ఇంటికి వచ్చి, రెండు ప్యాంట్లు కుట్టి, అత్తగారికి టీ పెట్టి ఇచ్చింది. తను తిడుతుంటే తల వంచుకుని తిట్లు తిన్నది. ఈ పిల్లకి అబద్ధం ఆడటం రాదని ఇన్నాళ్ళూ అనుకుంది. ఒక్క అబద్ధం వచ్చు. అదీ అత్తగారి పౌరసత్వం కాగితం పోకుండా చూడటానికే. ఆవిడకి సిగ్గేసింది, ఆ వెంటనే ఆ పిల్ల మీద ఎక్కడలేని ప్రేమా పొంగింది. ఇంకో నాలుగు కుట్లు పడితే వ్యవహారం తేలిపోతుంది, కోడలు వెళ్ళిపోతుంది, తన కాగితం తన దగ్గరే భద్రంగా ఉంటుంది. ఆ కాగితం పెట్టుకుని ఎవరి పక్కన కూర్చుని అన్నం తినాలి?

పెద్ద త్యాగం చేస్తున్నానని ఆవిడకి తోచలేదు. నిజం చెప్పుకోవాలంటే ఆ కుట్టు చూడలేకపోయింది కూడా. లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఇలా ఇవ్వు."

"అత్తయ్యా, మీరు కూర్చోండి," అంది కోడలు. గుడ్డ వదల్లేదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకున్నారు. వకీలమ్మ గాభరాగా ఏదో అనబోయింది. అధికారి చెయ్యెత్తి ఆపాడు.

"ఇవ్వవే. ఇన్నాళ్ళు పట్టుకున్నది చాలు."

గుడ్డ అత్తగారి చేతికి వచ్చింది. కోడలు కుట్టిన చోటు వదిలేసి పక్కన కొత్త చీలిక కత్తిరించింది. మైనం లేదు, ఏం చేస్తాం అని గొణుక్కుంది. చీలిక చుట్టూ ముందు సన్నగా పోగు తిప్పింది, ఆ తర్వాత కుట్టు పక్కన కుట్టు, ప్రతి కుట్టుకీ అంచు మీద బుల్లి ముడి, రెండు చివరలా అడ్డంగా మూడేసి పోగుల కట్టు. నాలుగు నిమిషాలు పట్టింది. దారం కొరికి, ఫోటో పక్కన పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుంది.

అధికారి చాలాసేపు రెండింటినీ చూశాడు.

"మీ ఫారంలో లేదని రాశారమ్మా."

"రాశాను బాబూ."

"ఎందుకు?"

"సాయమని అనిపించలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, భయమేసింది. ఆ చొక్కాలేసుకుని వాళ్ళు ఏం చేశారో విన్నాను. విన్నాక కూడా లేదనే రాశాను. మూడు వేల కాజాలు కుట్టాను బాబూ. మా కోడల్ని ఉంచండి."

దీనివల్ల మీ పౌరసత్వం రద్దు కావచ్చు, తెలుసా అని ఆయన అడిగాడు. ఇందాక మీరే చెప్పారు కదా, విన్నాను, అంది కాజాలమ్మ. ఆయన ఏదో రాసుకున్నాడు. కోడలు రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

బస్సు స్టాపులో కోడలు పదిహేడేళ్ళలో మొదటిసారి అత్తగారి మీద గొంతెత్తింది. ఆరేళ్ళుగా తను దాచుకొచ్చిందంతా ఒక్క నిమిషంలో బూడిదలో పోశారంది. ఎవరు కుట్టమన్నారు, ఎవరు లేవమన్నారు, అబ్బాయికి మాట కూడా ఇచ్చారు కదా అంది. పక్కన నిలబడ్డవాళ్ళు ఒక అడుగు దూరం జరిగారు. కాజాలమ్మ అంతా విన్నది. ఇన్నేళ్ళూ తను తిట్టినవాటికి ఇది వడ్డీకి కూడా సరిపోదు. పైగా ఆ పిల్లకి అంత గొంతుందని తెలిసి లోపల్లోపల సంతోషించింది కూడా.

"అయిందా? ఇంక నేను చెప్తా విను," అంది చివరికి. "నిన్ను పంపించి నేనుంటే, రేపు నీ కూతురు మా అమ్మ ఎందుకెళ్ళిపోయింది నానమ్మా అంటుంది. దానికి కూడా లేదు దగ్గర టిక్కు పెట్టమంటావా?"

బస్సు వచ్చింది. ఎక్కాక కోడలు అత్తగారి భుజం మీద తలపెట్టబోయి, సూదులు గుర్తొచ్చి రెండో వైపు మారి కూర్చుంది.

నాలుగు నెలలకి ఉత్తరాలు వచ్చాయి, వారం తేడాలో రెండు. మొదటిది కోడలికి. ఒత్తిడిలో, జీవనాధారం కోసం చేసిన పనిగా పరిగణించి పౌరసత్వం మంజూరు చేశారు. రెండోది కాజాలమ్మకి. వాస్తవం దాచి పొందినందుకు పౌరసత్వం రద్దు. వయసునీ, తనంతట తనే ఒప్పుకోవడాన్నీ దృష్టిలో పెట్టుకుని ఏటేటా పొడిగించుకునే నివాస అనుమతి ఇచ్చారు. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అప్పటికి నాకు డెబ్బై ఆరు, అందుకోసమైనా బతకాలి, అంది ఆవిడ. కొడుకు ఉత్తరం పట్టుకుని ఏడ్చాడు. ఆవిడ వాడి వీపు నిమిరి, అప్పీలు గిప్పీలు వద్దురా, వాళ్ళు రాసింది నిజమే కదా, అంది. కొట్టు లైసెన్సు కోడలి పేరుకి మారింది. ఇంక నేను నీ దగ్గర జీతగత్తెని, టీ కూడా నువ్వు చెప్పినప్పుడే తాగాలి కాబోలు అని రెండు రోజులు కోడల్ని ఉడికించింది. మూడు నెలలకోసారి కౌంటరు దగ్గర సంతకానికి ఇప్పుడు ఈవిడ వెళుతుంది. అక్కడి గుమాస్తా కోటుకి ఊడిన బొత్తాం కుట్టిచ్చి, రెండోసారికే వాళ్ళింటి సంగతులన్నీ రాబట్టింది.

కోడలు ప్రమాణం చేసే రోజు వచ్చింది. పెద్ద హాలు, నిండా జనం. వేదిక మీద నలభై మంది కొత్తవాళ్ళు, అందులో రెండో వరసలో కోడలు, తను కుట్టుకున్న నీలం కోటులో. ప్రమాణం చదివేటప్పుడు హాల్లో ఉన్న పౌరులంతా లేచి, కొత్తవాళ్ళతో పాటు ఆ మాటలు పలకడం అక్కడి ఆనవాయితీ. పౌరులు కానివాళ్ళు కూర్చునే ఉండాలి. కాజాలమ్మ తన ప్రమాణం రోజున అదే వేదిక మీద నిలబడింది. అప్పుడు కింద అందరూ లేస్తే కోడలు ఒళ్ళో పిల్లతో కూర్చుని ఉంది. వేదిక మీద నుంచి తను చెయ్యి ఊపింది కూడా, కింద కూర్చున్న కోడలికి ఎలా ఉందో ఆలోచించకుండా.

ఇప్పుడు కుర్చీలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. కొడుకు లేచాడు, మనవరాలు లేచింది, ముందు వరస, వెనక వరస అన్నీ లేచాయి. కాజాలమ్మ కూర్చునే ఉంది. మనవరాలు చెయ్యి పట్టి లాగింది.

"లే నానమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నేను లేవకూడదు. నువ్వు మీ అమ్మతో పాటు ఆ మాటలు చెప్పు."

నిలబడ్డ మనుషుల సందులోంచి వేదిక కొంచెం కనబడుతోంది. కోడలు మొదటి మాట పలికి ఆగిపోయింది. కళ్ళు హాలంతా వెతికి, కూర్చున్న ఒక్క తల దగ్గర ఆగాయి. కాజాలమ్మ చేత్తో కానిమ్మని సైగ చేసింది, ఇంట్లో టీ చల్లారిపోతోంది తాగమన్నట్టే. కోడలు ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. ఈసారి గొంతు గట్టిగా వచ్చింది, బస్సు స్టాపులో వచ్చినంత గట్టిగా.

కాజాలమ్మ కూర్చుని ఒక్కొక్క మాటా విన్నది. తను నిలబడి చెప్పిన రోజున ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ఎవరైనా వెనక నుంచి వచ్చి భుజం తడతారేమోనన్న భయంతోనే ఆ రోజు మొత్తం గడిచిపోయింది. ఇప్పుడు తట్టడానికి ఎవరూ లేరు. ఆ దేశం ఏం మాట ఇమ్మంటోందో, తనకేం మాట ఇస్తానంటోందో మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా విన్నది. మాటలు బాగున్నాయి, అనుకుంది.